విద్యుత్ సంస్థ భవిష్యత్తు – శాసనసభ పర్యవేక్షణ

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టను ఆనుకొని బార్కస్ అను పేట కలదు. నిజాముల కాలమున సైనికులు నివసించిన బ్యారకులనుబట్టి దానికి ఆ పేరు వచ్చినది. యెమెన్ దేశములోని హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చి నిజాము కొలువులో చేరిన అరబ్బుల సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు. ఆ పేటలోని ప్రతి ఇంటికిని, ప్రతి దుకాణమునకును నెలకొక కరెంటు బిల్లు వచ్చును. ఆ బిల్లునకును, నగరము నడుమ పబ్లిక్ గార్డెన్సు చెంతనున్న శాసనసభకును సంబంధమేమి? ఈ ప్రశ్నను నేటి ప్రసంగమున పరిశీలింతము.

ప్రశ్న ఊరక పుట్టినది కాదు. 2024 జూన్ చివర ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి పాతబస్తీలో విద్యుత్ బిల్లుల వసూలును ప్రయోగాత్మకముగా అదానీ సంస్థకు అప్పగించు ఆలోచనను వెల్లడించిరి. ఆ మాటతో బార్కస్ వంటి పేటలలో పలు సందేహములు పొడసూపినవి. మీటరు చూడ వచ్చువాడు ఎవరి మనిషి? బిల్లు తప్పుగా వచ్చినచో ఎవరితో చెప్పుకొనవలెను? ప్రజల సొత్తయిన సంస్థ పనిని ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చుటకు ఎవరి అనుమతి కావలెను? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము మూడవదానిలోనే కలదు.

ముందుగా ఈ సంస్థ ఎట్లు ఏర్పడినదో చూతము. 1920లో హుసేన్ సాగరు ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రము ప్రారంభమైనది. అప్పుడు విద్యుత్తు నిజాము ప్రభుత్వ వ్యవహారము. ప్రజలందరును ఓటువేసి ఎన్నుకొన్న శాసనసభ లేదు గనుక అడుగువారును లేరు. 1959 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినది. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము ప్రకారము బోర్డు తన వార్షిక ఆదాయ వ్యయముల అంచనాను ప్రభుత్వమునకు సమర్పింపవలెను. ప్రభుత్వము దానిని సభ ముందుంచవలెను. సభ్యులు దానిపై చర్చింపవచ్చును గాని ఓటు వేయరాదు. వ్యాపారముగా నడువవలసిన సంస్థను దినదిన రాజకీయమునకు లోబరుపరాదనియు, అట్లని ప్రజాప్రతినిధుల కంటికి మరుగుపరుపరాదనియు ఆ నిబంధన యొక్క భావము.

1998లో శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టమును చేసినది. దాని ఫలితముగా 1999 ఫిబ్రవరి 1వ తేదీన బోర్డు రెండు సంస్థలైనది. ఒకటి ఉత్పత్తికి, ఒకటి ప్రసారమునకు. 2000 ఏప్రిల్ 1న పంపిణీ పని నాలుగు కంపెనీలకు చేరినది. హైదరాబాదును చూచిన మధ్య మండల కంపెనీయే 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ అయినది. బార్కస్ బిల్లుపై నేడు కనిపించు పేరు దీనిదే. దీని వాటాలు రాష్ట్ర ప్రభుత్వమువి. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. శాసనసభ చట్టమును ఒక్కమారు చేసినది; పిమ్మట విభజనలన్నియు ప్రభుత్వ ఉత్తరువులద్వారా జరిగినవి. తాళపుచెవిని సభ ఒక్కసారి ఇచ్చినది; తలుపు తెరచినప్పుడెల్ల సభను అడుగవలసిన పని లేకపోయినది.

ధరలు నిర్ణయించు అధికారము కూడ సభలో లేదు. అది విద్యుత్ నియంత్రణ మండలికి చెందినది. ఓట్లకొరకు ధరలు తగ్గించుటయు, దాచిపెట్టి పెంచుటయు రెండును జరుగకుండ ఈ ఏర్పాటు చేసిరి. కాని 2000 సంవత్సరమున మండలి ధరలు పెంచుచు ఉత్తరువు నిచ్చినప్పుడు ప్రజలు మండలి కార్యాలయమునకు పోలేదు, శాసనసభకే బయలుదేరిరి. ఆగస్టు 28న ఆ ప్రదర్శకులను పోలీసులు బషీర్‌బాగ్ వద్ద అడ్డగించిరి. కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. చట్టము బాధ్యతను ఎవరికి అప్పగించినను, ప్రజల దృష్టిలో జవాబు చెప్పవలసినది తాము ఎన్నుకొన్న సభయే అని ఆనాడు స్పష్టమైనది.

మరి ఆ సభకు నేడు ఏ సాధనములు కలవు? ముఖ్యముగా నాలుగు.

మొదటిది డబ్బు. 2003 నాటి విద్యుత్ చట్టము 65వ విభాగము ప్రకారము, ఏ వర్గమువారికైనను మండలి నిర్ణయించిన ధరకంటె తక్కువకు విద్యుత్తు ఇప్పింపదలచినచో, ఆ తేడాను ప్రభుత్వము పంపిణీ సంస్థకు ముందుగా చెల్లింపవలెను. 2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి పథకము క్రింద 200 యూనిట్లలోపు వాడుకొనిన అర్హులైన కుటుంబములకు సున్న బిల్లు వచ్చుచున్నది. బార్కస్‌లోని ఒక ఇల్లాలు ఆ బిల్లును చూచి కరెంటు ఉచితమని సంతోషించును. నిజమునకు ఆ సొమ్ము శాసనసభ ఆమోదించు పద్దునుండి రావలెను. అది సకాలమున రానిచో సంస్థ అప్పు చేయును; అప్పుకు వడ్డీ పెరుగును; ఆ వడ్డీ భారము ఎప్పుడో ఒకప్పుడు బిల్లులోనికే తిరిగివచ్చును. కావున విద్యుత్ పద్దుపై జరుగు చర్చ, మన ఇంటి ఖర్చుపై జరుగు చర్చయే.

రెండవది ప్రశ్న. ప్రశ్నోత్తరముల సమయమున ఏ సభ్యుడైనను విద్యుత్ మంత్రిని ప్రశ్నింపవచ్చును. ఒక నియోజకవర్గమున ఎన్ని మీటర్లు పాడైనవి, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలినవి, వాటిని మార్చుటకు ఎన్ని దినములు పట్టినది అను చిన్న ప్రశ్నకు వచ్చు లిఖితపూర్వకమైన జవాబు, గంటసేపు సాగు ఉపన్యాసముకంటె ఎక్కువ పని చేయును.

మూడవది లెక్కల తనిఖీ. ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వ్యాఖ్యలతో సహా సభ ముందుంచవలెనని కంపెనీల చట్టము విధించుచున్నది. నియంత్రణ మండలి లెక్కలును, దాని వార్షిక నివేదికయును కూడ సభకు రావలెనని విద్యుత్ చట్టము చెప్పుచున్నది.

నాల్గవది సంఘము. ప్రభుత్వరంగ సంస్థల సంఘమున వివిధ పక్షముల సభ్యులు కూర్చుండి, అధికారులను పిలిపించి, కాగితములు తెప్పించి విచారింపగలరు. సభలో కేకలు వినబడును. సంఘములో లెక్కలు వినబడును. రెండవదాని విలువ మనకు తక్కువగా తెలియును.

ఈ సాధనములు పనిచేసినచో ఏమగునో 2023 డిసెంబరు 21న కొంత కనిపించినది. ఆ దినమున ఉపముఖ్యమంత్రి శ్రీ మల్లు భట్టి విక్రమార్క విద్యుత్ రంగముపై శ్వేతపత్రమును సభ ముందుంచిరి. విద్యుత్ సంస్థల అప్పులు 81,516 కోట్ల రూపాయలనియు, పంపిణీ సంస్థల పేరుకొన్న నష్టములు 62,461 కోట్లనియు అందు చూపిరి. అప్పులతోపాటు ఆస్తులును పెరిగినవని ప్రతిపక్షము వాదించినది. ఎవరి వాదము బలమైనదను తగవులోనికి మేము పోము. ఇరుపక్షములును ఒకే లెక్కను ముందు పెట్టుకొని, అందరు వినుచుండగా వాదించుటయే పర్యవేక్షణకు మొదటి మెట్టు. అయితే ఆ లెక్క నష్టము వచ్చిన పిమ్మట చూపినది. రాబోవు నిర్ణయమునకు ముందు చూపవలసిన లెక్క వేరు.

ఇప్పుడు మన మూడవ ప్రశ్నకు వత్తము. పంపిణీ సంస్థ తన ప్రాంతములో ఒక భాగమున పంపిణీ పనిని మరియొకరిచేత చేయించినచో, ఆ రెండవవారికి వేరుగ లైసెన్సు అక్కరలేదని 2003 చట్టము చెప్పుచున్నది. బాధ్యతమాత్రము లైసెన్సు గల సంస్థదే. దీనినే ఫ్రాంచైజీ పద్ధతి అందురు. ఇందుకు శాసనసభలో బిల్లు తప్పనిసరి కాదు. అట్లే 2025 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గము వ్యవసాయము, ఎత్తిపోతలు, మంచినీటి పథకములకై మూడవ పంపిణీ సంస్థను ఏర్పరచుటకు ఆమోదించినది. కంపెనీని స్థాపించుటకు కంపెనీల చట్టమును, లైసెన్సునకు నియంత్రణ మండలియు ఉన్నవి. ఏ అప్పు ఏ సంస్థ తలపై పడును, నష్టము తెచ్చు సరఫరా వేరైనచో నగరవాసి బిల్లు ఎట్లుండును అను ప్రశ్నలు మాత్రము సభ పట్టుబట్టి అడిగినప్పుడే బయటికి వచ్చును.

ఫ్రాంచైజీ మంచిదా, చెడ్డదా? అనుభవము రెండు విధములుగ నున్నది. మహారాష్ట్రలో మరమగ్గములకు పేరొందిన భివండీ పట్టణమును 2007లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించిరి. అచ్చట విద్యుత్ నష్టములు తగ్గినవి. అదే రాష్ట్రమున నాగపూరులో 2011లో ఒక భాగమును అట్లే అప్పగించిరి. తీసికొన్నవారు ఆర్థికముగ నిలువలేక 2019లో ఆ ప్రాంతము తిరిగి ప్రభుత్వ సంస్థకు వచ్చినది. కావున పేరునుబట్టి తీర్పు చెప్పరాదు. ఒప్పందములోని షరతులు చూడవలెను. పెట్టుబడి ఎవరిది? పాత బకాయి ఎవరిది? తప్పు బిల్లును సరిదిద్దుటకు గడువెంత? మధ్యలో వదలిపోయినచో శిక్ష యేమి? సంతకము కాకముందు ఈ నాలుగింటిని సభ ముందుంచినచో సగము సందేహములు తీరును.

ఇది అసాధ్యము కాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున లాంగ్ ఐలండ్ విద్యుత్ వ్యవస్థ ప్రజల ఆస్తి. 2014 నుండి దానిని ఒక ప్రైవేటు సంస్థ నడుపుచున్నది. 2020 ఆగస్టులో వచ్చిన తుపానుకు దీపములు దినములతరబడి వెలుగకపోవుటతో ప్రజలు ఆగ్రహించిరి. 2022లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ సంస్థ భవిష్యత్తును విచారించుటకు తన సభ్యులతో ఒక సంఘమును ఏర్పరచినది. ఆ సంఘము బహిరంగ విచారణలు జరిపి, 2023 నవంబరులో తుది నివేదిక నిచ్చుచు, ప్రజాసంస్థయే స్వయముగ నడుపుట మేలని సలహా చెప్పినది. ఆ సలహా వెంటనే చట్టము కాలేదు. అయినను లెక్కలు, వాదములు, ప్రజల సాక్ష్యములు అన్నియు అచ్చులోనికి వచ్చినవి. ఇకమీదట ఎవరు ఏ నిర్ణయము చేసినను ఆ కాగితములను దాటి పోజాలరు.

పాతబస్తీ విషయమున దీని అవసరము మరింత హెచ్చు. నష్టములు అధికమని ఒక ప్రాంతమును వేరుచేసి చూపునప్పుడు, అచ్చట క్రమముగ బిల్లు కట్టు కుటుంబములకుకూడ అపకీర్తి అంటును. పాత తీగలవలన పోవు విద్యుత్తు ఎంత, చౌర్యమువలన పోవునది ఎంత, ప్రభుత్వ కార్యాలయముల బకాయి ఎంత అని విడదీసి చెప్పనంతవరకు ఆ నింద న్యాయము కాదు. ఆ మూటను విప్పి చూపుమని అడుగు అధికారము శాసనసభకు కలదు.

ఇక పౌరుని పని. మండలి ధరలపై బహిరంగ విచారణ జరుపుటకు ముందు పత్రికలలో ప్రకటన వెలువడును. ఎవరైనను వ్రాతమూలకముగ అభ్యంతరము పంపవచ్చును, స్వయముగ పోయి చెప్పవచ్చును. ఫ్రాంచైజీ, క్రొత్త సంస్థ వంటి విషయములకు మాత్రము శాసనసభ్యుని ఆశ్రయింపవలెను. ఆయనను కలిసినప్పుడు కరెంటు పోయినదని చెప్పుటతో సరిపుచ్చక, ఆ ఒప్పందపు షరతులను సభలో అడుగుడని కోరవలెను. అడుగుట ఆయన హక్కు. అడిగించుట మన హక్కు.