లక్ష పుస్తకాలు జేబులో పడతాయి, మరి ఆ గదంతా ఎందుకు?

యూనివర్సిటీ లైబ్రరీల్లో సర్వర్ రూమ్ అని బోర్డు తగిలించిన గది ఒకటి ఉంటుంది. లోపల ఏసీ హోరు, నల్లటి ర్యాకుల్లో మిణుకుమనే పచ్చ లైట్లు. కొత్త పుస్తకాలకు డబ్బుల్లేవంటూనే దీనికింత ఖర్చేమిటని గొణిగే మేష్టార్లు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటారు. వాళ్ల అనుమానం తీసిపారేయదగ్గది కాదు. లెక్క వేసి చూద్దాం.

పెద్ద ఎత్తున పుస్తకాలు స్కాన్ చేసి దాచే చోట ఒక్కో సంపుటం సగటున 50 ఎంబీ లోపే ఉంటోంది. ఆ లెక్కన లక్ష పుస్తకాలకు 5 టీబీ. చొక్కా జేబులో పట్టే పోర్టబుల్ డిస్కు ఇవాళ అంత సైజులో బజార్లో దొరుకుతుంది. ఒక మోస్తరు లైబ్రరీని జేబులో వేసుకుని బస్సెక్కొచ్చు. అంటే చోటు అసలు సమస్యే కాదు. ఆ గదికయ్యే ఖర్చంతా, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి అడిగినా అదే పేజీ ఒక్క చుక్క చెడకుండా తెరుచుకోవడానికి.

ఇది ఎలా సాధ్యమో చూడాలంటే అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం దగ్గరికి వెళ్లాలి. లైబ్రరీల్లోని పుస్తకాలు స్కాన్ చేస్తామని 2004లో గూగుల్ ప్రకటించినప్పుడు ముందుగా ఒప్పుకున్నవాటిలో ఇదొకటి. స్కాన్ చేసిన ఫైళ్ల కాపీ లైబ్రరీకీ వస్తుంది. వచ్చినవాటిని ఎవరి గదిలో వాళ్లు దాచుకోకుండా కలిపి దాచుకుందామని 2008లో కొన్ని విశ్వవిద్యాలయాలు హాతీట్రస్ట్ అనే ఉమ్మడి భండారం పెట్టుకున్నాయి. ఇప్పుడందులో 1.7 కోట్లకు పైగా సంపుటాలున్నాయి. తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. అమెరికా మనకు పంపిన గోధుమల డబ్బు రూపాయల్లోనే తీసుకుని, అందులో కొంత పెట్టి 1960ల నుంచి ఇక్కడి పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు చేరవేసింది. ఈ పీఎల్-480 పథకం పెద్దవాళ్లకు గుర్తుంటుంది. మన జిల్లా గ్రంథాలయంలో చెదలు తినేసిన నవల ఎక్కడో మంచు కురిసే ఊళ్లో భద్రంగా ఉండడం వెనక కథ ఇదే. కాపీరైట్ వల్ల చాలా పుస్తకాలు పూర్తిగా తెరుచుకోవనుకోండి, అది వేరే గొడవ.

ఇక యంత్రాల సంగతి. సర్వర్‌లో ఒక డిస్కు ఉండదు, డజన్ల కొద్దీ ఉంటాయి. హార్డ్ డిస్కు గిర్రున తిరిగే పళ్లెం, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయే వస్తువు. అందుకే సమాచారాన్ని పరిచేటప్పుడే ఒక లెక్క కలుపుతారు. మొదటి డిస్కులో 5, రెండో డిస్కులో 7 రాశారనుకోండి. మూడో డిస్కులో వాటి మొత్తం 12 రాసిపెడతారు. మొదటి డిస్కు పోయిందా? 12 లోంచి 7 తీసేస్తే పోయిన 5 దొరుకుతుంది. లోపల జరిగేది సున్నాలు, ఒకట్ల లెక్కే గానీ సూత్రం ఇదే. దీన్నే రెయిడ్ అంటారు. చెడిన డిస్కు లాగి కొత్తది దోపితే, మిగతా డిస్కుల్ని చదువుకుంటూ యంత్రమే పాత సరుకు నింపుతుంది. చదువరికి ఏం జరిగిందో కూడా తెలియదు. కాకపోతే 20 టీబీ డిస్కు నిండాలంటే సెకనుకు 200 ఎంబీ చొప్పున రాసినా ఒక రోజు దాటుతుంది. ఆ లోపల రెండో డిస్కు పోతే? అందుకే రెండు డిస్కులు పోయినా నిలబడేలా రెండు రకాల లెక్కలు వేసి ఉంచడం ఇప్పుడు మామూలైంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. రెయిడ్ డిస్కు చావు నుంచి కాపాడుతుంది, మనిషి చేతి నుంచి కాపాడదు. ఫైలు తుడిచెయ్యమని ఆజ్ఞ వస్తే అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా తుడిచేస్తుంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో జరిగింది ఇలాంటిదే. పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను (యంత్రం తన పనుల గురించి రాసుకునే చిట్టాలను) తుడిచే చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్యాకప్ పనిలో భాగంగా ఉంది. అది నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ పెట్టారు. యంత్రం సగం పాతది, సగం కొత్తది చదివింది. ఏ ఫోల్డర్‌లో తుడవాలో చెప్పే పేరు ఖాళీగా మిగిలింది. దాంతో అది లాగ్ ఫైళ్లను వదిలేసి పరిశోధకుల ఫైళ్లు తుడవడం మొదలెట్టింది. 14 పరిశోధక బృందాలకు చెందిన 77 టీబీ పోయింది. చెడిన యంత్రం ఒక్కటీ లేదు. బ్యాకప్ కోసం పెట్టిన ఏర్పాటే ఆ పని చేసింది.

కాబట్టి రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. హాతీట్రస్ట్ కాపీ ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌లో, ఇంకొకటి ఇండియానాపోలిస్‌లో. మధ్య రోడ్డు దూరం నాలుగు వందల కిలోమీటర్ల ప్రాంతం. ఇవి కాక టేపుల మీద మూడో కాపీ. అన్నీ ఉన్నా, మధ్యలో ఒక ఫైలు చప్పుడు లేకుండా చెడిపోతే ఎవరికి తెలుస్తుంది? పుస్తకానికి పురుగు పడితే కనిపిస్తుంది గానీ డిస్కు మీద ఒక సున్నా ఒకటిగా మారితే కనబడదు. అందుకని ఫైలు లోపలికి వచ్చిన రోజే దాని మొత్తం సమాచారం మీద లెక్క కట్టి ఒక గుర్తు రాసుకుంటారు. దాని పేరు చెక్‌సమ్. అందరికీ తెలిసిన ఎండీ5 పద్ధతిలో అది 32 అక్షరాలు, అంకెల వరస. పేజీలో ఒక్క చుక్క మారినా ఆ వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అప్పుడప్పుడూ మళ్లీ లెక్క కట్టి పాత గుర్తుతో పోల్చి చూస్తారు. తేడా వస్తే రెండో ఊరి కాపీ తెచ్చి సరిచేస్తారు. ఆ గదిలో జరిగే పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. టెండరు కాగితాల్లో మాత్రం దీనికి ఒక వరస కూడా దొరకడం అరుదు.

టేపు అనగానే పాతకాలపు సరుకు అనిపిస్తుంది. నిజానికి 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9, అంటే ఎల్‌టీఓ రకంలో తొమ్మిదో తరం టేపు, అరచేతిలో పట్టే డబ్బా, అందులో 18 టీబీ పడుతుంది. అరలో పెట్టేస్తే కరెంటు అక్కర్లేదు, నెట్‌వర్క్‌తో సంబంధం లేదు కాబట్టి దొంగకు అందదు. చిక్కు వేరే చోట ఉంది. ఎల్‌టీఓ-8 డ్రైవు తన తరం టేపునీ, దానికి ముందు తరాన్నీ మాత్రమే చదువుతుంది. 2012 నాటి ఎల్‌టీఓ-6 టేపులు చక్కగా ఉన్నా, పాత డ్రైవు పాడైపోతే వాటిని దేంట్లో పెట్టి చదువుతారు? టేపు ముప్పై ఏళ్లు ఉంటుందని కంపెనీ చెప్పేది నిజమే కావచ్చు, డ్రైవు అంతకాలం ఉండదు. కొన్నేళ్లకోసారి పాత టేపుల సరుకు కొత్త టేపులకు ఎక్కించక తప్పదు.

కాపీలు ఉండి కూడా ఇబ్బంది పడ్డ పెద్ద సంస్థ బ్రిటిష్ లైబ్రరీ. విశ్వవిద్యాలయానిది కాదు గానీ పాఠం అందరికీ పనికొస్తుంది. 2023 అక్టోబరులో సైబర్ దొంగలు చొరబడి సర్వర్లు పాడుచేశారు, 20 బిట్‌కాయిన్లు అడిగారు. లైబ్రరీ ఇవ్వలేదు. డిజిటల్ సేకరణల కాపీలు భద్రంగానే ఉన్నాయి. కానీ వాటిని తిరిగి ఎక్కించడానికి పనికొచ్చే యంత్రాలు మిగల్లేదు, పాత సాఫ్ట్‌వేర్ కొత్త యంత్రాల మీద నడవదు. కేటలాగు మళ్లీ అందుబాటులోకి రావడానికే నెలలు పట్టింది.

మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల స్కానింగ్ జరిగింది. తర్వాత ఆ సైటు తెరుచుకోకుండా పోయింది. అయినా అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, వేరేవాళ్లు అప్పటికే దింపుకుని అక్కడ పెట్టడం వల్లే. ఆ రెండో కాపీ ఏ ప్రణాళికలోనూ లేదు, మన అదృష్టం కొద్దీ ఉంది.

మన యూనివర్సిటీ లైబ్రరీకి మిషిగన్ అంత డబ్బు ఉండదు, అక్కర్లేదు కూడా. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగకు ఎలాగూ వెళ్తాయి, ఒక కాపీ బయట ఉన్నట్టే. స్థానిక పత్రికలు, తాళపత్రాల స్కాన్లు, పాత ప్రశ్నపత్రాలు, ఇంకెక్కడా లేని సరుకుకు మాత్రం లైబ్రరీదే బాధ్యత. నాలుగు డిస్కుల చిన్న సర్వరు ఒకటి, పని అయ్యాక తీగ పీకేసి బీరువాలో పెట్టే డిస్కు ఒకటి, ఇంకో క్యాంపస్‌లో మూడోది ఉంటే చాలు. ఐదేళ్లకోసారి డిస్కులు మార్చే ఖర్చు ఒక్కసారి కొనుగోలు కింద కాకుండా ఏటా వచ్చే కరెంటు బిల్లు పక్కన రాయాలి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు బీరువా డిస్కు బయటికి తీసి, కళ్లు మూసుకుని ఎంచిన పది ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి, చెక్‌సమ్‌లు సరిపోయాయని రిజిస్టర్‌లో తేదీ వేసి సంతకం పెట్టాలి.