పికాయియా: యాదృచ్ఛికమా, దైవసంకల్పమా?

మానవుడు యాదృచ్ఛికముగా పుట్టినవాడేనా? కళాశాలలో చదివే యౌవనస్థులు కాపరులను అడిగే ఈ ప్రశ్న ఒక చిన్న శిలాజము చుట్టూ కూడా తిరిగినది.

కెనడాలోని బర్జెస్ షేల్ రాతిపొరలలో దొరికిన పికాయియా సుమారు 50.8 కోట్ల సంవత్సరముల నాటిది. చేపను పోలిన ఈ ప్రాణి పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. 1911లో చార్లెస్ వాల్కాట్ దీనిని పురుగుగా వర్ణించారు. తరువాత సైమన్ కాన్వే మోరిస్ దీనిని వెన్నెముకగల జీవులకు బంధువుగా గుర్తించారు.

1989లో స్టీఫెన్ జే గూల్డ్ తన ‘వండర్‌ఫుల్ లైఫ్’ గ్రంథమును పికాయియాతోనే ముగించారు. ఈ వంశము నశించియుంటే మనము ఉండేవారము కాము, కనుక మానవుని రాక యాదృచ్ఛికమని ఆయన వాదము. క్రైస్తవుడైన కాన్వే మోరిస్ 2003లో ‘లైఫ్స్ సొల్యూషన్’లో దీనికి బదులిచ్చారు. దూరపు వంశములలో సైతము కన్ను వంటి అవయవము ఒకే రీతిగా ఏర్పడినది గనుక, బుద్ధిగల జీవి రాక దాదాపు అనివార్యమని ఆయన వాదించారు.

ఇంతలో శిలాజమును గూర్చిన అవగాహనే మారినది. చైనాలో దొరికి 1999లో వర్ణింపబడిన హైకోయిక్తిస్ అను చేప పికాయియాకంటె ప్రాచీనమైనది. శతాబ్దమునకు పైగా పికాయియాను తలక్రిందులుగా చూచామని 2024లో ఒక పరిశోధన వాదించినది.

కాబట్టి దైవసంకల్ప సిద్ధాంతమును ఏ శిలాజముపైనా కట్టరాదు. చీట్లు పడుట కూడా దేవుని వశములోనిదని సామెతలు 16:33 బోధించుచున్నది. గూల్డ్ వాదము నిజమైనను విశ్వాసము కూలదు. కాన్వే మోరిస్ వాదము నిజమైనను అది విశ్వాసమునకు పునాది కాదు. యౌవనస్థులకు ఈ భేదమును వివరించుట కాపరి బాధ్యత.