పొలమునకు పోవు తల్లికి బిడ్డజోలె

పగిడ్యాల ప్రాంతమున ప్రత్తి తీతలు, మిరప కోతలు వచ్చినప్పుడు చంటిబిడ్డల తల్లులకు ఒక చిక్కు తప్పదు. బిడ్డను ఇంట విడిచిన పాలకు ఏడ్చును. వెంట గొనిపోయిన పొలమున ఎక్కడ ఉంచవలయునని దిగులు. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టుట మన వాడుక. నీడ చల్లనిదే గాని, తల్లి సాలు చివరకు పోవునప్పటికి బిడ్డ కంటికి దూరమగును.

ఎరుకల స్త్రీలు నెత్తిన బుట్టతో, బిడ్డను గుడ్డతో మేనికి కట్టుకొని ఊళ్లు తిరుగుట మన పెద్దలు ఎరిగినదే. ఇట్టి ఆచారమును చూచియే అమెరికా నర్సు ఆన్ మూర్ క్రొత్త సాధనమును కల్పించెను. ఆమె 1960ల తొలినాళ్లలో ఆఫ్రికాలోని టోగో దేశమున పనిచేయుచు, అచటి తల్లులు బిడ్డలను వీపున కట్టుకొనుట చూచెను. స్వదేశమున తనకు కూతురు పుట్టిన పిమ్మట తన తల్లిచే గుడ్డసంచి కుట్టించి, 1969లో పేటెంటు పొందెను. అదియే స్నగ్లీ.

మన ఇండ్లలోను దీనిని కుట్టవచ్చును. దళసరి నూలుగుడ్డ కావలయును. చివికిన పాతచీర పనికిరాదు. నడిమి గుడ్డ వెడల్పు బిడ్డ ఒక మోకాటి మడత నుండి రెండవ దానివఱకు, ఎత్తు పిఱుదుల నుండి మెడవఱకు ఉండవలయును. కాళ్లు నిటారుగా వ్రేలాడరాదు. మోకాళ్లు పిఱుదులకంటె కొంచెము ఎత్తున ఉన్న తుంటికీళ్లకు మేలు. భుజపట్టీలు రెండేసి గజములకు తగ్గక, వెడల్పుగా ఉండవలయును. నడుముపట్టీలు గజమేసి చాలును. పట్టీ కొనను నడిమి గుడ్డలోనికి నాలుగు వ్రేళ్ల మేర చొప్పించి, చదరముగా కుట్టి, నడుమ అడ్డముగా రెండు గీతలు కుట్టవలయును. బిడ్డ బరువునకు రెట్టింపు ధాన్యపు మూటతో ముందు పరీక్షింపుడు.

బిడ్డ గడ్డము రొమ్మునకు ఆనినచో ఊపిరి ఆడదు. నాలుగు నెలల లోపు శిశువులకు జోలెలలో ఈ యపాయము హెచ్చని అమెరికా ప్రభుత్వ సంస్థ 2010లో హెచ్చరించినది. కావున మెడ నిలువని బిడ్డను ముందువైపుననే నిలువుగా, ముఖము కనబడునట్లు కట్టుకొనవలయును. వీపున కట్టుట మెడ నిలిచి, బిడ్డ కూర్చుండగలిగిన పిమ్మటనే.

జోలె దారి నడుచుటకు, నిలిచి చేయు తేలిక పనికి మాత్రమే. వంగి చేయు పనికిని, పురుగుమందు చల్లు చేనికిని, పొయ్యి దగ్గఱకును, ద్విచక్రవాహనమునకును, నడియెండకును తగదు. ఆ వేళల బిడ్డను నీడకు చేర్చి, ఒకరు కనిపెట్టి యుండవలయును. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున, పనిచోటికి ఆఱేండ్ల లోపు పిల్లలు ఐదుగురైనను వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలయునను నియమము చేర్చబడినది. మన కూలి జట్లును అటులే ఏర్పాటు చేసికొని, ఆమె కూలిని అందఱు పంచుకొనుట న్యాయము.

సభ్యుల యిండ్లలోని స్త్రీలు ముందు ఒక జోలె కుట్టి, నలుగురు తల్లులచే వాడించి, వారు చెప్పిన లోపములు దిద్ది, పిమ్మట తక్కినవి కుట్టుదురు గాక.