ప్రార్థన తరువాత పది నిమిషములు

మన పల్లె సంఘములలో తాపీ పని, సెంట్రింగు పని, చువ్వలు కట్టే పని, మట్టి పని చేసుకొని బ్రదుకు కుటుంబములు ఎన్నో కలవు. వారిలో అనేకులు ఉదయమున పని మొదలుపెట్టక మునుపు తలలు వంచి ప్రార్థన చేసికొందురు. ఇది మంచి అలవాటు. అయితే "ఆమేన్" అనిన వెంటనే ఒకరు పరంజా ఎక్కుదురు, ఒకరు గోతిలోనికి దిగుదురు, ఒకరు కాంక్రీటు మిల్లరు తిప్పుదురు. ఆ ఆమేన్‌కును మొదటి తట్టకును నడుమ పది నిమిషములు ఉండవలెనని, ఆ దినమున రాగల అపాయములను అందరు కలిసి అప్పుడే ఆలోచించుకొనవలెనని చెప్పుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

"అన్నీ ప్రభువే చూసుకుంటాడు అయ్యగారూ, ఇంకా ఆలోచించేదేముంది?" అని కొందరందురు. వారి విశ్వాసమును నేను తక్కువ చేయను. కాని నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించునప్పుడు శత్రువుల భయము కలుగగా, అతడును అతని జనులును ప్రార్థనయు చేసిరి, కాపలాయు పెట్టుకొనిరి (నెహెమ్యా 4:9). ప్రార్థించితిమి గనుక కాపలా అక్కరలేదని వారు తలంచలేదు. మత్తయి 4వ అధ్యాయములో అపవాది ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దూతలు పట్టుకొందురు, దూకుమనెను. పైగా లేఖనమే చూపించెను! ప్రభువు దూకలేదు. అది దేవుని శోధించుట అగునని చెప్పెను. నడుముకు బెల్టు లేకుండ రెండవ అంతస్తు అంచున నిలిచి "నాకు దేవుడున్నాడు" అనువారు ఆ భాగమును మరల చదువుకొనవలెను.

దుబాయి, సౌదీ మొదలగు చోట్ల పెద్ద కంపెనీలలో పనిచేసి వచ్చిన మనవారిని అడిగి చూడుడి. ఉదయమే అందరిని ఒకచోట నిలువబెట్టి, ఈ దినము పని ఏమిటి, అందులో ప్రమాదమేమిటి అని చెప్పిన తరువాతనే పనిలోనికి పంపుదురని వారు చెప్పుదురు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు గదుల ఇల్లు కట్టునప్పుడును చేయవచ్చును.

మా సంఘములోని ఒక తాపీ మేస్త్రీ చాలా కాలముగా ఇట్లు చేయుచున్నాడు. ఆయన అడుగునవి మూడే ప్రశ్నలు. నిన్నటికిని నేటికిని ఇక్కడ ఏమి మారినది? ఈ రోజు కొత్తగా వచ్చినవారెవరు? ఏదైన జరిగితే ఎవరేమి చేయవలెను? మొదట జవాబు చెప్పవలసినది గుంపులో అందరికంటె చిన్నవాడు. "పెద్దోళ్ళు ముందు మాట్లాడితే పిల్లోడు నోరు తెరవడండీ. వాడికి కనపడింది మనకు కనపడకపోవచ్చు" అని ఆయన అనును.

నిన్నటికిని నేటికిని చాలా మారును. రాత్రి వాన కురిసినయెడల పరంజా కట్టిన తాళ్ళు సడలియుండవచ్చును, కర్ర పాతిన నేల మెత్తబడియుండవచ్చును. నిన్న గట్టిగా నిలిచిన గోతి అంచు నేడు కూలవచ్చును. అయిదడుగుల లోతు దాటిన గోతికి ప్రక్కలు వాలుగా తీయవలెను, లేనియెడల పలకలు వేసి ఊతమియ్యవలెను. తీసిన మట్టిని అంచుననే కుప్ప పోయకూడదు. ఒక ఘన మీటరు మట్టి టన్నున్నర తూగును. రొమ్ము వరకు పూడినవాడు తల బయటనున్నను ఊపిరి పీల్చలేడు.

తీగెల సంగతి మరియొకటి. మన వీధులలో ఇండ్ల ప్రక్కగానే 11 కేవీ లైన్లు పోవుచున్నవి. ఇనుప చువ్వ పూర్తి పొడవు 12 మీటర్లు, అనగా దాదాపు 40 అడుగులు. మేడమీద దానిని త్రిప్పువాడు తన చేతిలోని కొననే చూచును గాని వెనుక కొన ఎటు పోవుచున్నదో చూడడు. అంత శక్తిగల తీగెకు మరీ దగ్గరగా వచ్చినను చాలును, తాకనక్కరలేదు. గనుక చువ్వలను క్రిందనే కావలసిన కొలతకు కోసికొనవలెను. లైన్‌మన్‌కు ముందు రోజే చెప్పి ఆ కాసేపు కరెంటు తీయించవలెను. ఒక మనిషి వేరే పని ఏదియు చేయక ఆ తీగెనే చూచుచు నిలువవలెను.

అన్నిటికంటె నాకు భయము కలిగించునది సంపులు, సెప్టిక్ ట్యాంకులు. పాతవాటిలో విషవాయువు ఉండునని అందరికి తెలియును. కొత్తవాటిని గూర్చి తెలియదు. మూత స్లాబు వేసిన కొన్ని దినములకు లోపలి సెంట్రింగు చెక్క విప్పుటకు చిన్న కంత గుండా ఒకడు దిగును. ఇంకా వాడని ట్యాంకే గదా, వాసన కూడ లేదు గదా అనుకొనును. కాని మూసియున్న చోట తడి చెక్క కుళ్ళుచు, గాలిలోని ప్రాణవాయువును తినివేయును. దిగినవాడు కేక వేయకుండనే కూలిపోవును. పైనున్న తమ్ముడో బావమరిదియో ఆత్రముతో దిగును, అతడును పడును. ఒకే కుటుంబములో ఇద్దరు ఈ విధముగా పోయిన వార్తలు పత్రికలలో ఎన్నిసార్లు చదువలేదు! ముందు రోజే మూతలన్నియు తెరచి, గాలి లోపలికి కొట్టించి, దిగువాని నడుముకు తాడు కట్టవలెను. పైన తాడు పట్టుకొనువాడు ఏమి జరిగినను తాను దిగనని ఆ ఉదయముననే అందరి యెదుట ఒప్పుకొనవలెను. దీపము దించి చూచు పాత పద్ధతిని నమ్ముకొనకూడదు. దీపము వెలిగినంత మాత్రాన విషవాయువు లేదనలేము, మండే వాయువైతే అదే పేలును.

స్లాబు క్రింది ఊతలను తొందరపడి తీయకుడి. పదడుగుల చదరము, అయిదంగుళముల మందముగల స్లాబు సుమారు మూడు టన్నుల బరువుండును. 15 అడుగుల లోపు వెడల్పుకు ఏడు దినములైనను, అది దాటిన 14 దినములైనను ఊతలు ఉంచవలెను.

తట్ట మోయు మన అక్కచెల్లెండ్రను ఎవరును ఇట్టి మాటలకు పిలువరు. మిల్లరులో కొంగు చిక్కునది వారికే. చంటిబిడ్డకు ఊయల కట్టుట ఎక్కడ అన్నదియు ఆ పది నిమిషములలోనే నిర్ణయింపవలెను. నీడయున్నదని పరంజా క్రింద కట్టుచున్నారు.

కూలివాడు భయమని చెప్పిన రేపు పనికి పిలువరు. మేస్త్రీని అడిగిన ఇంటివారు తొందరపెట్టుచున్నారనును. ద్వితీయోపదేశకాండము 22:8 చూడుడి. మేడకు పిట్టగోడ కట్టించు బాధ్యతను దేవుడు ఇంటి యజమానిపై ఉంచెను. లేనియెడల పడినవాని రక్తము ఆ యింటిపైననే. నేడు మన విశ్వాసులును ఇండ్లు కట్టించుకొనుచున్నారు. గోపురము కట్టువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఆ లెక్కలో సిమెంటు, ఇసుకతోపాటు రెండు బెల్టులు, నాలుగు హెల్మెట్లు వ్రాసికొనుట భారమా?

ఒకడు పడినప్పుడు "ఏమి పాపము చేసెనో" అను గుసగుసలు సంఘములోనే వినబడుచున్నవి. సిలోయములో గోపురము పడి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు వారు ఇతరులకంటె పాపులని తలంచకుడని యేసు ప్రభువే చెప్పెను (లూకా 13:4). ఆసుపత్రి మంచము దగ్గర ఆ మాట ఎత్తకుడి. గాయపడినవానిని మోటారు సైకిలుపై నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోకుడి. వెన్నెముక మరింత చెడును. 108కి ఫోను చేయుడి.

మందిర నిర్మాణములో ఈ జాగ్రత్త ఇంకా తక్కువ. స్లాబు రోజున యౌవనులందరు ఉత్సాహముతో వచ్చుదురు. ఎప్పుడును తట్ట పట్టనివారు, వట్టి కాళ్ళవారు, పిల్లలు, అందరు ఒకే నిచ్చెన ఎక్కుదురు. సంఘపెద్దలు ముందు రోజు సాయంకాలమే వెళ్ళి చూచి, ఎవరు పైకి, ఎవరు క్రింద అని పేర్లు వ్రాసి ఉంచవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలు మంచినీళ్ళు అందించుట చాలును.

ఇంకొక పని కూడ సంఘము చేయవచ్చును. 1996లో చేయబడిన చట్టము మూలముగా భవన నిర్మాణ కార్మికులకు సంక్షేమ మండళ్ళు ఏర్పడినవి. 18 నుండి 60 ఏండ్ల లోపువారై, గడచిన సంవత్సరములో 90 దినములు ఈ పని చేసినవారు పేరు నమోదు చేయించుకొనవచ్చును, స్త్రీలు కూడ. ఆదివారము ఆరాధన తరువాత చదువుకొనిన యౌవనులు ఇద్దరు బల్ల వేసికొని కూర్చుండి దరఖాస్తులు నింపిపెట్టవచ్చును. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము, ఫోటోలు తెచ్చుకొనుడని ముందు వారమే ప్రకటన చేయించుడి.