ఖేడ్ ఇంటికి లాప్‌టాప్, నెట్: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో పిల్లలు డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరగానే మొదటి చర్చ ఏ కంపెనీ లాప్‌టాప్ కొనాలన్నదే. నారాయణఖేడ్ పట్టణంలోనూ అంతే, కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద తండాల్లోనూ అంతే. నెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. ఈ వరస తలకిందులైందని నా వాదన. లాప్‌టాప్‌ను సంగారెడ్డి నుంచో హైదరాబాద్ నుంచో మోసుకు రావచ్చు. నెట్‌ను అలా మోసుకు రాలేం, అది గుమ్మం దాకా వస్తేనే ఉన్నట్టు. కాబట్టి మన వీధికి ఏది అందుతోంది, కరెంటు ఎంతసేపు ఉంటోంది, చెడితే బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు అన్నవి ముందు తేలాలి. ప్రకటనల్లోని అంకెలు ఆ తర్వాత. జనంలో తిరుగుతున్న అపోహల్లో చాలావరకు ఈ వరస తప్పడం వల్ల పుట్టినవే.

‘మా పంచాయతీకి ఫైబర్ వచ్చింది, ఇక ఇంటికి వచ్చినట్టే’ అన్నది అందులో పెద్దది. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా మొదలై 2015లో భారత్‌నెట్‌గా పేరు మారిన కేంద్ర పథకం తొలి గురి గ్రామ పంచాయతీ. అక్కడి నుంచి ఇంటికి తీగ లాగడం, డబ్బా బిగించడం, తెగితే అతకడం వేరే పని, వేరే మనుషుల పని. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర నెట్ పథకమైన టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేయడం మంచి ఆలోచనే. అయినా టీ-ఫైబర్ ఇంటింటి సేవలు 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైంది కొద్ది గ్రామాల్లోనే, వాటిలో మన సంగారెడ్డి జిల్లా సంగుపేట ఒకటి. భూమిలో గొట్టం ఉండడానికీ ఇంట్లో నెట్ ఉండడానికీ మధ్య ఇంత దూరం ఉంది. అడగాల్సిన ప్రశ్న ‘ఊళ్లో ఫైబర్ ఉందా’ అని కాదు. ‘మా వీధిలో ఏ ఇంట్లో నడుస్తోంది, పోయిన వానాకాలంలో తెగినప్పుడు ఎన్ని రోజులకు అతికారు’ అని. జవాబు చెప్పాల్సింది అమ్మేవాళ్లు కాదు, వాడుతున్నవాళ్లు.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: ‘మేం పట్నానికి దూరం, ఫైబర్ పెట్టించినా వేగం రాదు’. పాత టెలిఫోన్ రాగి తీగల కాలంలో ఇది నిజమే. ఎక్స్ఛేంజి నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ నీరసించేది. ఫైబర్‌లో వెళ్లేది వెలుతురు. ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతి 20 కిలోమీటర్ల వరకూ పనిచేసేలా రూపొందింది, మధ్యలో తీగను చీల్చే పెట్టెలకు కరెంటు కూడా అక్కర్లేదు. మండల కేంద్రం నుంచి తండా దాకా ఉన్న దూరం దానికి లెక్కలోది కాదు. అసలు ఇబ్బంది అతుకులు సరిగ్గా లేకపోవడం, స్తంభాల మీద తీగ వేలాడడం, రోడ్డు పనుల్లో తెగిపోవడం.

వేగం విషయంలో 100 ఎంబీపీఎస్ లేకపోతే చదువు సాగదని భయపెడుతుంటారు. వీడియో క్లాసుకు ఒకటి రెండు, మహా అయితే నాలుగు ఎంబీపీఎస్ చాలు. ఇంట్లో నలుగురు ఒకేసారి చూసినా 30లో ఇమిడిపోతుంది. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023లో పెట్టిన కనీస హద్దు 2 ఎంబీపీఎస్ మాత్రమే. నిలకడగా వచ్చే 30, సాయంత్రానికల్లా కుదేలయ్యే 100 కన్నా మేలు. ధరలోనూ చూసుకోండి: 399 రూపాయల ప్లాన్ మీద 18 శాతం జీఎస్టీ పడితే బిల్లు దాదాపు 471 అవుతుంది.

‘ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఇంత హడావుడి ఎందుకు’ అనే అభ్యంతరాన్ని తీసిపారేయలేం. లెక్క కట్టి చూద్దాం. ఒక ఎంబీపీఎస్ వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది. రోజుకు 2 జీబీ ప్లాన్‌తో అలాంటి క్లాసులు నాలుగు గంటలకు పైగా వినొచ్చు. ఒక్క విద్యార్థి ఉన్న ఇంటికి అది చాలు. చెరుకు కోతలకు వలస వెళ్లి నెలల తరబడి ఇంటికి తాళం వేసే కుటుంబాలకైతే ఆర్నెల్ల ఫైబర్ బిల్లు ముందే కట్టడం దండగ, ఫోన్ నెట్టే సరైన దారి. అయితే హాట్‌స్పాట్‌కు లాప్‌టాప్ కలిపినప్పుడు విండోస్ అప్‌డేట్ ఒక్కటే రోజు కోటాను మింగేయగలదు. సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తు పెట్టడం తప్పనిసరి. సిగ్నల్ ఆకాశం నుంచి సమానంగా కురిసేది కూడా కాదు, ఇంటి గోడ, టవర్ దిక్కు, అది వాడే తరంగం అన్నీ లెక్కే. ఏ సిమ్ మంచిదో ప్రకటన చెప్పలేదు. రెండు మూడు కంపెనీల సిమ్‌లు చదువుకునే గదిలోనే, రాత్రి ఎనిమిదింటికి పెట్టి చూడాలి. ఏ ప్రాంతంలో ఏ సేవ ఉందో చూపే మ్యాపులను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. వాటిని చూడండి, కానీ గదిలో పరీక్షించాకే నమ్మండి.

కరెంటు పోతే ఫైబర్ ఆగదన్న మాటలో సగమే నిజం. తీగ ఆగదు, ఇంట్లోని రౌటర్ ఆగిపోతుంది. అది తాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిన్న రౌటర్ యూపీఎస్ పెడితే కొన్ని గంటలు గడుస్తుంది. కరెంటు కోతల వల్లే, అదే ధరకు ఎక్కువ శక్తినిచ్చే డెస్క్‌టాప్ కన్నా పల్లె ఇంటికి లాప్‌టాప్ మేలంటాను. దాని బ్యాటరీయే దాని యూపీఎస్.

ఇక లాప్‌టాప్‌లో ‘ఐ7 అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు’ అన్నది చాలామంది జేబుకు చిల్లు పెట్టిన నమ్మకం. 2015 నాటి ఐ7-6600యూలో ఉన్నవి రెండే కోర్లు, 2022 నాటి ఐ3-1215యూలో ఆరు. పేరు కాదు, తరం చూడాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో చవగ్గా దొరికే పాత లాప్‌టాప్‌ల దగ్గర ఇది మరీ ముఖ్యం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది, ఇంటెల్ చిప్‌లలో దాదాపు 8వ తరం నుంచి పైవి. అంతకన్నా పాతదానిలో దొడ్డిదారిన ఎక్కించి ఇస్తామనేవాళ్లుంటారు. అప్‌డేట్లకు హామీ లేని ఆ యంత్రంతో బ్యాంకు పనులు చేయడం నాకు సమ్మతం కాదు. అందులో లినక్స్ వేసుకుంటే తెలుగు టైపింగ్‌తో సహా చదువు పనులు చాలావరకు సాగుతాయి, కాలేజీ అడిగే సాఫ్ట్‌వేర్ విండోస్‌దే కాకపోతే. పాతది కొనడం తప్పేమీ కాదు. 8వ తరం దాటి, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, నిలబడే బ్యాటరీ ఉంటే అది 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ నిల్వతో వచ్చే చవక కొత్తదానికన్నా ఎన్నో రెట్లు మిన్న. ఈఎంఎంసీ ఎస్ఎస్‌డీ కన్నా నెమ్మది, పైగా 64 జీబీలో విండోస్ కూర్చున్నాక అప్‌డేట్లకే చోటు చాలదు.

‘వారంటీ ఉందిగా’ అన్న ధీమా మిగిలింది. వారంటీలు రెండు రకాలు. ఒకదాంట్లో మెకానిక్ ఇంటికి వస్తాడు, ఇంకోదాంట్లో మనమే సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాలి. ఖేడ్ నుంచి హైదరాబాద్‌కు రెండు మూడుసార్లు తిరిగితే రెండు మూడు రోజుల కూలీతో పాటు బస్సు ఛార్జీలూ పోతాయి, పరీక్షల ముందైతే చదువూ పోతుంది. బిల్లు కట్టకముందే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మన పిన్‌కోడ్ చెప్పి, ఇంటికి వచ్చి బాగుచేసే సేవ ఉందో లేదో అడగండి. లేదంటే, బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉన్న వేరే కంపెనీ మోడల్ వెయ్యి రూపాయలు ఎక్కువైనా దాన్నే తీసుకోండి.