నాడి ఆడుతోంది, మాట లేదు

మన డబ్లినులో ఫ్రాంట్జ్ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్ళేవారికి ఓ.సి.ఎల్.సి. బోర్డు కొత్త కాదు. ప్రపంచంలోని వేలాది గ్రంథాలయాలకు ఉమ్మడి పుస్తకాల పట్టిక నడిపే సంస్థ అది. ఫ్రెడరిక్ కిల్‌గోర్ సారథ్యంలో 1967లో ఒహాయో కాలేజీల కోసం మొదలై, 1981లో కొలంబసు నుంచి మన వూరికి మారింది.

1971 ఆగస్టు 26న ఏథెన్సులోని ఒహాయో యూనివర్సిటీ లైబ్రరీవారు టెర్మినలు ముందు కూర్చుని, సుమారు 75 మైళ్ళ అవతల కొలంబసులో వున్న కంప్యూటరు చేత ఆ ఒక్కరోజే 133 పుస్తకాలకు కాటలాగు చేయించారు. బాగానే వుంది. మరి ఏథెన్సులో తెర కదలకుండా నిలిచిపోతే లోపం ఎక్కడ? టెర్మినలులోనా, టెలిఫోను తీగలోనా, కొలంబసు యంత్రంలోనా, దానిలో నడిచే ప్రోగ్రాములోనా? దూరాన వున్న యంత్రాన్ని కనిపెట్టి వుండడమంటే ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలగడం.

ఐ.సి.యు.లో నర్సుల బల్ల దగ్గర పది మంచాల గుండె గీతలూ ఒకే తెర మీద కనిపిస్తాయి. కంప్యూటర్లవాళ్ళూ అంతే. ప్రతి యంత్రమూ కొన్ని క్షణాలకొకసారి "వున్నాను" అని కబురంపుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా "హార్ట్‌బీట్". (మా మాట కాజేశారు, పోనివ్వండి!) కాని నాడి ఆడుతున్నంత మాత్రాన రోగికి తెలివి వుందనుకోలేం. పేరడగాలి, చెయ్యెత్తమనాలి. యంత్రం బతికే వున్నా ప్రోగ్రాము బిగుసుకుపోయి వుండవచ్చు. అందుకే తెలిసినవాళ్ళు దూరం నుంచే ఒక ఉత్తుత్తి ప్రశ్న వేసి, సరైన జవాబు ఎన్ని సెకన్లలో వచ్చిందో చూస్తారు.

యిక మన సంగతి. 1962 నుంచి పి.ఎల్. 480 పథకం కింద తెలుగు పుస్తకాలు అమెరికా యూనివర్సిటీలకు వచ్చాయి. వాటి పేర్లు పట్టికలో ఇంగ్లీషు లిపిలో ఎక్కాయి. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" కోసం మనం "సి, హెచ్"తో మొదలుపెడతాం. గ్రంథాలయాల పద్ధతిలో "చ"కు ఒక్క "సి" చాలు, "హెచ్" చేరిస్తే "ఛ" అవుతుంది. ఆ పద్ధతిలో మాత్రమే రాసిన కార్డు మన స్పెల్లింగుకు పలకదు. తీగలు బాగున్నాయి, యంత్రం బాగుంది, దీపాలన్నీ పచ్చగానే వున్నాయి. పుస్తకం మాత్రం "లేదు"! ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు అది విని లేచి వెళ్ళిపోతారు.

అలా వెళ్ళిపోనివ్వకండి. "హెచ్" తీసేసి, "డబుల్ ఓ"కు బదులు ఒక్క "యు" వేసి మళ్ళీ వెదకండి. దొరికితే మన లైబ్రరీ కౌంటరులో ఇంటర్ లైబ్రరీ లోన్ అడగండి. దొరకని పేర్లు, ఏ స్పెల్లింగుతో వెదికారో సహా, నాకు రాసివ్వండి. పరీక్ష ప్రశ్నల్లో నాలుగు తెలుగు పేర్లు కూడా చేర్చమని ఆ జాబితాతో అడుగుదాం.