బ్రాడీపేటలో ఓ ఫ్లాటు... మేకప్ తీసి చూస్తే!

బ్యాచిలర్లకి ఇల్లు అద్దెకివ్వరని ‘చిత్రం భళారే విచిత్రం’ (1991)లో నరేష్ ఏకంగా చీర కట్టేశాడు. హాలంతా పగలబడి నవ్వింది. మా పిన్ని కొడుకు మాత్రం నవ్వడు. ‘‘ఆ బాధ నీకేం తెలుసన్నయ్యా!’’ అంటాడు.

వాడు గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా. చొక్కా విప్పితే ఇంటిల్లిపాదీ తుమ్మాల్సిందే! పెళ్లిచూపులకెళ్లిన రెండు చోట్లా వాడికెదురైన ప్రశ్న ఒక్కటే... ‘‘అబ్బాయికి టౌన్లో ఇల్లుందా?’’

సరిగ్గా అప్పుడే కంటబడింది ఆ ప్రకటన. ‘బ్రాడీపేటలో సింగిల్ బెడ్‌రూమ్ సొసైటీ ఫ్లాటు. కొత్తగా బాగుచేయించినది. వెంటనే అమ్మబడును.’

బ్రాడీపేట సంగతి తెలుసుగా! అన్నీ లైన్లూ, అడ్డరోడ్లూ. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అయితే 4/14. చిరునామా చెప్పడమంటే ఎక్కం అప్పజెప్పడమే!

ఎంట్రీ అదిరింది

తలుపు తీయగానే మావాడు నిజంగానే ఫ్లాటైపోయాడు. అద్దంలాంటి టైల్సు, నల్లరాతి వంటగట్టు, లేత నీలం గోడలు. హీరోయిన్ తొలిసారి తెరమీదికొచ్చినట్టుంది! వాడి జేబులో పిన్ని పత్తి అమ్మిన యాభై వేలున్నాయి. ‘‘అడ్వాన్సు ఇచ్చేద్దాం అన్నయ్యా’’ అని చెయ్యి జేబులో పెట్టాడు.

ఆ చెయ్యి పట్టుకున్నాను. పదేళ్లుగా సినిమా వాళ్ల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి, మేకప్ సంగతి నాకు తెలీదా! బాత్‌రూమ్‌కి ఆనుకున్న పడగ్గది గోడ దగ్గర కూర్చుని అడుగున వేలితో నొక్కాను. కొత్త రంగు బుడగలా లేచి, పెచ్చు చేతికొచ్చింది. వెనక చెమ్మ!

‘‘పెయింటు ఇంకా ఆరలేదు సార్’’ అన్నాడు బ్రోకరు.

సొసైటీ అంటే ఏ సొసైటీ?

అసలు మెలిక ‘సొసైటీ’ అన్న మాటలో ఉంది. నిజమైన సహకార సంఘం పద్ధతిలో భవనం సంఘం పేరున ఉంటుంది. సభ్యుడి చేతికొచ్చేది వాటాల పత్రం, ఆ ఫ్లాటులో ఉండే హక్కు. బొంబాయిలో ఈ పద్ధతి బాగా వాడుక. న్యూయార్క్‌లోనూ అంతే. అక్కడ కొత్తవాళ్లని రానివ్వాలో వద్దో భవనం బోర్డు తేలుస్తుంది. 1985లో పాటల రాణి మడోన్నా శాన్ రెమో భవనంలో ఫ్లాటు కొనబోతే బోర్డు ‘నో’ అంది. డబ్బుంటే సరిపోదన్నమాట!

మన దగ్గర మామూలుగా చూసే పద్ధతి వేరు. ఫ్లాటుతోపాటు స్థలంలో విడదీయని వాటా కూడా కొన్నవాడి పేరునే రిజిస్టరవుతుంది. ఇందుకు 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం కూడా వచ్చింది. మెయింటెనెన్సు వసూలు చేసే సంఘాన్ని మనవాళ్లు అలవాటుగా ‘సొసైటీ’ అనేస్తారు. కాగితాలు చూస్తే ఇదీ అలాంటిదే. సేల్ డీడ్‌లో స్థలం వాటా గజాలతో సహా రాసి ఉంది.

‘‘అయితే ఇచ్చేద్దామా?’’ అన్నాడు మావాడు. ఉండరా బాబూ! సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించాలి. అందులో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలే. కాబట్టి ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్లారా చూడాలి, అవి ఏ బ్యాంకులోనైనా తాకట్టులో ఉండొచ్చు. లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, మెయింటెనెన్సు బాకీ లేదన్న చీటీ... ఇవన్నీ చూశాకే జేబులో చెయ్యి!

క్లైమాక్స్

ఇంతలో ఓనరుగారు వచ్చారు. రిటైరైన మాస్టారు. నా చేతిలోని పెచ్చు చూసి తల వంచుకున్నారు. ‘‘పైవాళ్ల బాత్‌రూమ్ కారుతోంది బాబూ. రంగేస్తే అమ్ముడుపోతుందన్నారు. మా ఆవిడకి ఆపరేషన్ చేయించాలి’’ అన్నారు. బ్రోకరు గోడవైపు తిరిగాడు.

కోపం రావాల్సిన చోట నాకు నోట మాట రాలేదు. మావాడే ముందుకొచ్చాడు. ‘‘కాగితాలు సరిగ్గా ఉంటే నేనే తీసుకుంటాను మాస్టారూ. ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించండి. ఈసీ రాగానే అడ్వాన్సు’’ అన్నాడు. మాస్టారు వాడి చెయ్యి పట్టుకున్నారు. యార్డులో రోజూ బేరాలు చూసేవాడు మరి!

మొన్న మూడో పెళ్లిచూపులు. ‘‘ఇల్లుందా?’’ అనడిగారు షరా మామూలుగా. ‘‘ఇంకా లేదండీ, ఈసీకి పెట్టాను’’ అన్నాడు మావాడు. తలుపు వెనక అమ్మాయి ఫక్కున నవ్విందట.

ఫ్లాటు సర్టిఫికెట్ ఇంకా రాలేదు గానీ, మావాడికి మాత్రం సెన్సారు అయిపోయినట్టే!